నీలం కోసం అశ్వారావుపేట దాకా

భద్రాచలం వెళ్తున్నానని ఇంట్లోనూ ఆఫీసులోనూ చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. వెళ్లాను, దర్శనమూ చేసుకున్నాను. కానీ నేను బయల్దేరింది మాత్రం ఫిలోమినా కోసం.

ఎవరీ ఫిలోమినా అని చెప్పాలంటే ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను రసాయన శాస్త్రం చదువుకున్నదాన్ని. హైదరాబాదులో ఒక పరిశోధనాశాలలో, కరెంటు తగిలిస్తే వెలుగిచ్చే కర్బన పదార్థాలు తయారుచేస్తుంటాను. ఈ రోజుల్లో మంచి ఫోన్ల తెరలు ఇలాంటి పదార్థాలతోనే వెలుగుతున్నాయి. చూడ్డానికి అది ఉత్త పొడి. పసుపులానో సున్నంలానో ఉంటుంది. దాన్ని కంటికి ఆననంత పల్చటి పొరగా గాజు మీద పరిచి, అటూ ఇటూ కరెంటు అందిస్తే వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ చెప్పిన మాట వింటాయి, చాలాకాలం నిలుస్తాయి. నీలం అలా కాదు. నీలి వెలుగుకు శక్తి ఎక్కువ కావాలి. ఆ శక్తే, వెలుగునిచ్చే అణువును విరగ్గొట్టేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరి బెంగా అదే. నా ఉద్యోగమంతా ఆ నీలం వెనకాలే గడిచిపోయింది.

మొదటి తొమ్మిదేళ్లు నా పక్క బల్ల దగ్గర ఫిలోమినా ఉండేది. కొత్తగూడెం బొగ్గుగని కార్మికుడి కూతురు. మాకు దక్కిన మొదటి నీలం ఆమె చేతిలోనే పుట్టింది. చీకటి గదిలో ఇద్దరం భుజాలు ఆనించుకుని నిలబడి ఉండగా గోరంత గాజు ముక్క మీద వెలిగింది. కొద్ది నిమిషాలే. ఆరిపోయాక కూడా చాలాసేపు మాకు లైటు వెయ్యబుద్ధి కాలేదు. తర్వాత కొన్నాళ్లకు ప్రాజెక్టు ముగిసింది, ఆమె వెళ్లిపోయింది. పెళ్లయింది. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ మిల్లు ల్యాబులో కెమిస్టుగా చేరింది. పండగలకు ఫోన్లు, పుట్టినరోజులకు మెసేజీలు నడుస్తూనే ఉన్నాయి. మనిషిని చూసి మాత్రం పదిహేనేళ్లు దాటింది.

ఈ ఏడాది నాకో కొత్త ప్రాజెక్టు వచ్చింది. మూడేళ్లది. రిటైరయ్యేలోగా నా చేతికొచ్చే ఆఖరిది బహుశా ఇదే. అందులో అనుభవం ఉన్న కెమిస్టు పోస్టు ఒకటుంది, వయసు పట్టింపు లేదు. ఆ మాట చదవగానే నాకు ఒకే ఒక్క మొహం కళ్లముందు మెదిలింది. ఫోన్లో అడిగితే నవ్వేసి మాట మార్చేస్తుందని తెలుసు. ఎదురుగా కూచుని అడగాలి. అందుకే మార్చిలో, ఎండలు ముదరకముందే, సంచిలో కాకినాడ కాజాల డబ్బా పెట్టుకుని ఖమ్మం రైలెక్కాను.

జూలూరుపాడులో పంక్చరు

ఖమ్మంలో దిగి కొత్తగూడెం బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. బస్సు నిండా ఆడవాళ్లే. దారి పొడవునా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. కిటికీలోంచి ఘాటు లోపలికి కొట్టి అందరం వంతులవారీగా తుమ్మాం. జూలూరుపాడు చేరేసరికి వెనక చక్రం కూచుంది.

స్టెప్నీ మార్చేదాకా అందరం రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర చేరాం. టీ పది రూపాయలు, గ్లాసు చిన్నది, అల్లం మాత్రం ధారాళంగా దంచాడు. నా పక్కన కూచున్నావిడ అప్పటికే నా సంచి, చెప్పులు, జుట్టు అన్నీ చూసేసింది. మా కాకినాడలో అయితే కొత్తవాళ్లను ముందు ఎండ గురించి అడిగి, తర్వాత ఊరు అడిగి, నెమ్మదిగా అసలు సంగతికి వస్తారు. ఇక్కడ ఆ దాగుడుమూతలు లేవు.

"ఏడికమ్మా పోతున్నవ్?"

"అశ్వారావుపేట. నా స్నేహితురాలి ఇంటికి."

"ఏం నౌకరి చేస్తవ్?"

ఫోను తెరల్లో వెలిగే పదార్థం గురించి చెప్పాను, నాకు చేతనైనంత తేలిగ్గా. ఆవిడ శ్రద్ధగా విని, జాకెట్లోంచి చిన్న సంచి తీసి, అందులోంచి ఫోను తీసింది. తెర మీద పైనుంచి కిందికి సన్నటి ఆకుపచ్చ గీత.

"మా పెద్దోడు కొనిచ్చిండు. కిందపడ్డ కాంచి గీ గీత పోతలేదు. నువ్వు గీ లైట్లు చేసేదానివే గదా, జర బాగుచెయ్యరాదు?"

"నేను పొడి చేస్తానమ్మా. ఫోను బాగుచెయ్యడం నాకు రాదు."

"గంత చదువు చదివి గిది రాదా?" అని ఆవిడ పకపకా నవ్వింది. కొట్టతను నవ్వాడు, కండక్టరూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆవిడ, "అయితే నీ పొడి యే ఫోన్ల ఉంది?" అని అడిగింది. ఆ మాటకు మాత్రం నవ్వలేకపోయాను. ఏ ఫోన్లోనూ లేదు. మేం చేసినవి కాగితాల మీద, సీసాల్లో ఉన్నాయి. తెరల్లో వెలిగేవి వేరే దేశాలవి. "ఇంకా రాలేదమ్మా" అన్నాను. "వస్తది తియ్" అంది ఆవిడ. వర్షం గురించి చెప్పినంత మామూలుగా అంది.

కొత్తగూడెం క్వార్టర్లు

కొత్తగూడెంలో బస్సు మారాలి. కానీ నేను బస్టాండులో ఆగలేదు. ఆటో ఎక్కి, ఫిలోమినా పుట్టి పెరిగిన క్వార్టర్ల వైపు పోనిమ్మన్నాను. ఎందుకంటే ఆ వీధుల గురించి తొమ్మిదేళ్లు విన్నాను. చీకటి గదిలో మా కళ్లు అలవాటు పడేదాకా ఏ పనీ చెయ్యడానికి ఉండేది కాదు. ఆ కాసేపూ ఆమె కొత్తగూడెం కబుర్లు చెప్పేది. వాళ్ల నాన్న ఇన్నయ్య షిఫ్టు దిగి నల్లగా వచ్చి పళ్లు కనపడేలా నవ్వడం, గని సైరన్‌కు ఊరు లేవడం, క్రిస్మస్‌కు స్టార్లు కట్టడం. "కింద గనిల దీపం ఆర్పితే ఎట్లుంటదో తెలుసా? నీకు చెయ్యి ఉన్నదన్న సంగతే మరిచిపోతవని చెప్పేటోడు మా నాయిన" అనేది.

వరసలు వరసలుగా ఒకే తీరు ఇళ్లు. గోడల మీద సున్నం, సున్నం మీద సన్నటి నలుపు. కొన్ని ఇళ్లకు తాళాలు, కొన్నిటి ముందు కొత్త కార్లు. ఏ ఇల్లో తెలియక ఒక గుమ్మం దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దావిడను అడిగాను. పేరు సారమ్మ.

"ఇన్నయ్య బిడ్డ ఫిలోమినానా? గా లైట్ల చదువు చదివిన పిల్ల! గా మూలమీది ఇల్లు వాళ్లదే. ఇన్నయ్యా పాయె, భార్యా పాయె. ఇప్పుడు వేరేటోళ్లున్నరు." కత్తిపీట పక్కకు పెట్టి లేచింది. "నువ్వెవ్వరు బిడ్డా?"

"ఆమెతో కలిసి పనిచేశాను, హైదరాబాదులో."

"అయితే అన్నం తిని పో."

వద్దన్నా వినలేదు. మామిడికాయ పప్పు, వేడన్నం, మజ్జిగ. తలుపు తట్టిన అరగంటకే ఎవరో తెలియని ఇంట్లో పీట మీద కూచుని తింటున్నాను. మా వైపు మర్యాదలు ఎక్కువే, కానీ ఇంత తొందరగా అన్నం దాకా రావు. తింటుంటే సారమ్మ అడిగింది: "గంత మంచి నౌకరి ఎందుకు ఇడిసిపెట్టి వచ్చిందమ్మా గా పిల్ల? మా క్వార్టర్లల్ల గట్ల చదివింది అదొక్కతే. వాళ్ల నాయిన అందరికీ చెప్పుకునేటోడు."

"అది పర్మినెంటు ఉద్యోగం కాదమ్మా. ప్రాజెక్టు అయిపోయింది."

"ఓ. కాంట్రాక్టా" అంది సారమ్మ. ఆ ఒక్క మాటతో ఆవిడకు మొత్తం అర్థమైపోయింది. గనుల ఊరు కదా, పర్మినెంటుకీ కాంట్రాక్టుకీ తేడా అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మూలమీది ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. ఎవరో పిల్లల స్కూలు బట్టలు తీగ మీద ఆరుతున్నాయి. నాకంటూ అక్కడ చూసేందుకు ఏమీ లేదు. అయినా కాళ్లు కదల్లేదు.

అశ్వారావుపేట

సాయంత్రం బస్సు కిటికీలోంచి దూరంగా తోటలు కనపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కొబ్బరి తోటలనుకున్నాను. దగ్గరకొచ్చాక చూస్తే పామాయిల్ చెట్లు. బారులు తీరి, మట్టలు కలిసిపోయి, కింద పగలే మసకగా ఉంది. కోనసీమలో కొబ్బరి చెట్టు ఒక్కోటీ ఒక్కో పక్కకు వంగి మనిషిలా ఉంటుంది. ఇవి పరేడ్‌లో నిలబడ్డట్టున్నాయి. గెలలు నింపుకున్న ట్రాక్టర్లు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి.

వస్తున్నానని ముందే ఫోన్లో చెప్పాను. బస్టాండులో నేను పోల్చుకునేలోపే ఫిలోమినా నన్ను గుర్తుపట్టింది.

"ముసల్దానివైనవేందే!"

"నువ్వు కాలేదా?"

అవును, అయింది. జుట్టు సగం తెల్లబడింది, కళ్లద్దాలొచ్చాయి. కావలించుకుంటే చీరకు ఉడికిన పళ్ల వాసన, తియ్యగా, బరువుగా. ఒకప్పుడు ఆ భుజాల దగ్గర ఈథర్ వాసన వచ్చేది. పాతది పోయినందుకు కలుక్కుమంది.

ఆమె భర్త ఆనందరావు బడిలో వ్యాయామం మాస్టారు. ఆ ఇంట్లో వంట ఆయనదే. నన్ను "అక్కా" అని పిలిచి, చెమట తుడుచుకుంటూ వంటింట్లోంచే మాట్లాడాడు. "తపస్సుకాలం అక్కా, మాంసం లేదు. ఏమనుకోకుండ్రి. ఈస్టర్‌కు రండ్రి, సంగతి చూపిస్త." గోంగూర పచ్చడి, దోసకాయ పప్పు, వడియాలు. గోంగూర మా వైపు కంటే పులుపు, కారం రెండూ ఒక పాలు ఎక్కువ. నా కాజాల డబ్బా చూసి ఫిలోమినా మొహం చిన్నబుచ్చుకుంది. ఈస్టర్ దాకా తీపి మానేసిందట. "నేను మానలేదు" అని ఆనందరావు రెండు తీసుకున్నాడు.

భోజనాలయ్యాక అడిగాను. ముందు అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఫిలో, నాతో వచ్చెయ్యవే" అన్నాను, అంతే. తర్వాత ప్రాజెక్టు సంగతి, పోస్టు సంగతి, జీతం సంగతి చెప్పాను. ఇప్పుడు మేం చేస్తున్న కొత్త నీలం గురించి చెప్పాను. పాతదానిలా నిమిషాల్లో ఆరిపోవడం లేదని, ఇంకా కొన్ని బంధాలు గట్టిపడితే నిజంగా నిలబడుతుందని.

"బొమ్మ గియ్యి" అంది.

కాజాల డబ్బా మూత వెనక అణువు బొమ్మ గీశాను. కళ్లద్దాలు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూసింది. పాత అలవాటు, పెదవి కొరుక్కుంటూ. "ఈ చివర ఎందుకు గింత పొడుగు పెట్టిన్రు? ఇక్కణ్నే ఇరుగుతది" అని వేలు పెట్టింది. నిజంగా అక్కడే విరుగుతోంది. ఆ మాట నేనింకా చెప్పలేదు.

ఫోన్లో వీడియో చూపించాను. చీకట్లో నీలి చదరం వెలుగుతూ ఉంది. చూస్తూ చూస్తూ ఉండిపోయింది.

"గిది నీ నీలమా, ఫోన్ నీలమా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఫోన్ల చూస్తే ఫోన్ నీలమే గదా కనబడేది? నీది ఎట్లుంటదో నాకు దీంట్ల తెలుస్తదా?"

తెలియదు. ఆ మాట నిజం. మా వెలుగును ఆ తెర తనకు వచ్చిన నీలంతోనే చూపిస్తుంది. అసలుది చూడాలంటే హైదరాబాదు రావాలి, ఆ చీకటి గదిలో నిలబడాలి.

ఫిలోమినా ఫోను నా చేతిలో పెట్టి భర్త వైపు చూసింది. ఆయన, "నీ ఇష్టం. నేనెట్లన్న సర్దుకుంట, సెలవులకు నేనే వస్త" అన్నాడు.

"వస్తనే" అంది ఫిలోమినా నాతో. "వస్త. ఎప్పుడు చేరాలె?"

ఆ రాత్రి ఒంటిమీద దుప్పటి కూడా బరువనిపించలేదు. ఆమెకు బల్ల ఎక్కడ వెయ్యాలో, కిటికీ పక్కనా, రసాయనాల ఆవిర్లు లాగేసే పొగగూడు పక్కనా అని ఆలోచిస్తూనే నిద్రపోయాను.

మిల్లు

పొద్దున్నే నన్ను మిల్లు చూపించడానికి తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలా అతను లేచి నిలబడి, "నమస్తే మేడం" అన్నాడు. గెలలు తెచ్చిన రైతులు వరసలో ఉన్నారు. అందులో ఒకాయన, "మేడం, మొన్న మా నూనె మంచిగున్నదన్నరు, మళ్ల అదే తోట కాయ తెచ్చిన" అని ఎదురొచ్చాడు. ఉడికే గెలల ఆవిరి మొహానికి తగిలింది. నూనె బయటికొస్తుంటే చూసి ఆగిపోయాను. ముదురు నారింజ ఎరుపు. పొయ్యి మీద కుంకుమ కరిగిస్తున్నట్టుంది.

"మన చుట్టాలే" అంది ఫిలోమినా. "కెరోటిన్. ఒక బంధం జంట, ఒక బంధం ఒంటి, మళ్ల జంట. మనం చేసిన వాటి తీరే. ఇవి వెలుతురు ఇయ్యవు, రంగు ఇస్తయి. అంతే తేడా."

ల్యాబు చిన్నది. గోడకు గడియారం, బల్ల మీద బ్యూరెట్లు, కిటికీ బయట తోట. తన కుర్చీ, తన అరలు, తను నేర్పిన ఇద్దరమ్మాయిలు. నూనెలో ఆమ్లం ఎంతుందో ఎలా కొలుస్తారో, అంత ఎర్రటి నూనెలో రంగు గులాబీకి తిరగడం ఎలా కనిపెడతారో చూపించింది. చూపిస్తూ చూపిస్తూ మధ్యలో ఒకచోట ఆగిపోయింది. "ఏమైందే?" అన్నాను. "ఏం లేదు" అంది. నేను పట్టించుకోలేదు. ఆ అమ్మాయిల్లో ఎవరు ఈమె కుర్చీలో కూచుంటారా అనుకుంటున్నాను అప్పటికే.

ములకలపల్లి దారిలో

ఆమె ఆ రోజుకు సెలవు పెట్టింది. కిరాయి కారులో భద్రాచలం బయల్దేరాం. ములకలపల్లి వైపు మళ్లాక తోటలు అయిపోయి అడవి మొదలైంది. ఆకు రాలిన మోదుగలు నిండా పూలతో మండిపోతున్నాయి. ఇప్పచెట్ల కింద నేల శుభ్రంగా ఊడ్చి ఉంది, పూలు రాలితే ఏరుకోవడానికి.

ఒక ఊళ్లో సంత జరుగుతుంటే దిగాం. చింతపండు, తేనె, వెదురు చేటలు, ఎండుచేపలు. ఒక కోయ ఆవిడ ముందు ఇప్పపూలు పోగులు పోసుకుని కూచుంది. కొన్ని ఆరినవి, కొన్ని ఆ పొద్దున ఏరినవి. పోగు ఇరవై రూపాయలు. ఫిలోమినా ఆవిడతో వాళ్ల మాటలో ఏదో అంది. ఆవిడ నవ్వి ఇంకో దోసెడు వేసింది.

"నీకు కోయ మాట వచ్చా?"

"నాలుగు ముక్కలు. మిల్లుకు వాళ్ల పిల్లలు పనికి వస్తరు గదా. బేరమాడనీకి, బాగున్నవా అననీకి సరిపోతది."

ఒక పువ్వు నా నోట్లో పెట్టింది. తీపి, కానీ మనకు తెలిసిన తీపి కాదు. తేనెలో కాస్త పచ్చి వాసన కలిపినట్టు. ఆమె తినలేదు, తపస్సుకాలం కదా.

దారి పొడవునా నేనే మాట్లాడాను. కొత్త పరికరాల గురించి, తేమ తగలకుండా పనిచేసే గాజు పెట్టె గురించి, ఆమెకు ఎక్కడ అద్దె ఇల్లు దొరుకుతుందో. ఆమె "ఊఁ" అంటూ ఒళ్లో ఇప్పపూల పొట్లం సర్దుకుంటూ ఉంది. అలసిపోయిందనుకున్నాను.

భద్రాచలం

నవమికి ఇంకా రోజులున్నాయి. పందిళ్ల కర్రలు దించుతున్నారు, జనం పలుచగా ఉన్నారు. ఫిలోమినా నా చెప్పులు, సంచి పట్టుకుని బయట నీడలో కూచుంది. దర్శనం నిమ్మళంగా అయింది. స్వామి ముందు నిలబడి నేను కోరింది ఒక్కటే, నాకు ఆమెను ఇమ్మని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు. ప్రసాదం లడ్డూలు, పులిహోర కొనుక్కుని వచ్చాను. పులిహోర ఆమెకు, లడ్డూలు ఆనందరావుకు.

గోదావరి మెట్ల మీద కూచుని తిన్నాం. మా రాజమండ్రి దగ్గర ఒడ్డు కనపడని గోదావరి ఇక్కడ మార్చిలో ఇసుక దిబ్బల మధ్య సన్నగా, నీలంగా పాకుతోంది. పులిహోర తిని చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది.

"వసుధా, నేను రాను."

నా పేరు పూర్తిగా ఎప్పుడూ పిలవదు. వసూ అంటుంది. అందుకే తమాషా కాదని తెలిసింది.

"నిన్న వస్తానన్నావు."

"నిన్న అన్నది నిజమే. రాత్రంత నిజమే. పొద్దున మిల్లు చూపిస్తుంటే తెలిసింది. నీకు చూపిస్తున్న గదా, ఇది నా కుర్చీ, ఇది నా బల్ల, వీళ్లు నా పిల్లలు అని. గా హైదరాబాద్ ల్యాబుల తొమ్మిదేండ్లు ఉన్న. ఎవరినన్న ఒక్కనాడు తోలుకొచ్చి, ఇది నా ల్యాబు అని చూపించిన్నా? మా నాయిన చూస్తనని ఎన్నిసార్లు అడిగిండో. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్న. మార్చి వచ్చిందంటే ఎక్స్‌టెన్షన్ వస్తదో రాదో అని దినాలు లెక్కపెట్టుకునేదాన్ని. నీకు తెల్వదే. నీకు పర్మినెంటు వచ్చినంక మార్చి అంటే ఉత్త ఎండాకాలం."

అప్పట్లో ఆ పర్మినెంటు పోస్టుకు ఇద్దరం రాశాం. ఒక్కటే పోస్టు, నాకు వచ్చింది. ఆ రోజు స్వీట్లు పంచింది తనే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తిపొడుపుగా అనలేదు, కడుపులో ఉన్నది చెప్పింది.

"ఈసారి అలా కాదు ఫిలో. నేనున్నాను కదా."

"మూడేండ్లు ఉంటవ్. తర్వాత నువ్వు రిటైర్ అయితవ్. నేను మళ్ల గా గేటు బయట నిలబడాల్నా? యాభై దాటినంక?"

"మరి నీలం?"

అడగకుండా ఉండాల్సింది. ఆమె కళ్లు నిండాయి. నదివైపు తిరిగింది.

"దాని మీద నుంచి నా మనసు పోలేదే. పోదు గూడ. మిల్లుల రాత్రి షిఫ్టు ఉంటే ఇప్పటికి గూడ కొన్నిసార్లు ఏదో ఒక అణువు గీసుకుంట కూసుంట. కాని నాకు మనసు ఉన్నదని చెప్పి బతుకంత మళ్ల కాంట్రాక్టుకు పెట్టలేను. తప్పా?"

"తప్పు కాదు" అన్నాను. పడవవాళ్లు పిలుస్తున్నారు, అవతలి ఒడ్డుకు రమ్మని. మేం కదల్లేదు. నా మణికట్టు ఆమె చేతిలోనే ఉంది. నాకు ఏడుపు రాలేదు, ఆకలైనట్టు లోపల ఖాళీగా ఉంది. నేను ఈ ఊరు రాకముందు కూడా ఆమె నా పక్కన లేదు. అయినా ఆ రోజే మళ్లీ కొత్తగా వెళ్లిపోయినట్టనిపించింది.

భద్రాచలం రోడ్

భద్రాచలం రోడ్ అని పేరే గానీ ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. గుడికి అక్కణ్నుంచి ఇంకా చాలా దూరం. మేం వెళ్లేసరికి ఎక్కడివాళ్లో భార్యాభర్తలు సామాను దించుకుని, "గుడి ఏ పక్కండీ?" అని అందర్నీ అడుగుతున్నారు. ఫిలోమినా వాళ్లకు బస్సు ఎక్కడ దొరుకుతుందో దగ్గరుండి చెప్పి వచ్చింది.

బండి రావడానికి టైముంది. బెంచీ మీద కూచున్నాం. చెప్పుకోవాల్సినవి అయిపోయాయి, కొత్తవి మొదలుపెట్టే ధైర్యం లేదు. ఆనందరావు మోకాలినొప్పి గురించి, మా అత్తగారి కంటి ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం. జామకాయలు కొనుక్కుని ఉప్పూకారం అద్దుకుని తిన్నాం. తర్వాత ఆమే అడిగింది, చేతులు దులుపుకుంటూ, ఏదో ఊసుపోకకు అన్నట్టు.

"ఇప్పుడు శుద్ధి ఎట్ల చేస్తున్నరు? గాజు గొట్టంలనేనా?"

"అందులోనే."

మేం చేసిన పొడిని పొడుగాటి గాజు గొట్టంలో పెట్టి, గాలి లాగేసి, వేడి చేస్తాం. అది కరగకుండానే ఆవిరై, గొట్టంలో చల్లటి చోట మళ్లీ పలుకులుగా పేరుకుంటుంది. మలినాలు వేరే చోట ఆగిపోతాయి. అంత చెయ్యకపోతే నీలం అసలు వెలగదు. ఆ సంగతులన్నీ ఆమెకు తెలిసినవే, అయినా చెప్పమంది. నేను ఆగినప్పుడల్లా "ఇంకా?" అంది, చెప్పాను. ఎంత పొడి పెడతాం, ఎంతసేపు ఉంచుతాం, పలుకుల రంగు ఎలా వస్తోంది. కొంచెం పసుపు తిరుగుతోందన్నాను. బండి వచ్చేసింది.

ఎక్కి కిటికీ దగ్గర కూచున్నాను. ఊచల్లోంచి చెయ్యి పట్టుకుంది. "ఈస్టర్‌కు రా, ఆనంద్ కోడి కోస్తడు" అంది. "వస్తాను" అన్నాను. ఇద్దరికీ తెలుసు, రానని. బండి కదిలింది. చెయ్యి వదిలేసింది. కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. కానీ ఆమె బండితోపాటు నడవడం మొదలుపెట్టింది. తర్వాత అడుగులు పెంచింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ.

"వసూ! వేడి ఎంత పెడుతున్నరు?"

"ఏంటి?"

"గొట్టానికే! వేడి ఎంత?"

"రెండొందల ఎనభై!"

"ఎక్కువే! తగ్గించు! అందుకే పసుపు! ఇరవై తగ్గించు, నెమ్మదిగ రానియ్యి!"

జామకాయలమ్మే ఆవిడ బుట్ట పక్కకు జరుపుకుని మా ఇద్దర్నీ వింతగా చూసింది. ప్లాట్‌ఫారం అయిపోయింది. ఫిలోమినా చివర ఆగి, రొప్పుతూ, రెండు వేళ్లు పైకెత్తి చూపిస్తూ నిలబడింది. ఇరవై అని. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎదురు సీటాయన మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఏమీ అడగలేదు.

తిరిగొచ్చాక

పోస్టు ప్రకటన వేశాం. చాలామంది రాశారు, చురుకైన వాళ్లున్నారు. ఒకరిని తీసుకుంటాను.

వచ్చిన మరుసటి వారం ఇరవై డిగ్రీలు తగ్గించి గొట్టం పెట్టాను. ఎప్పుడూ పట్టేదానికంటే రెండింతల సమయం పట్టింది. తీసి చూస్తే పలుకులు తెల్లగా, వడగళ్లలా మెరుస్తున్నాయి. పసుపు లేదు. ఫొటో తీసి ఫిలోమినాకు పంపాను. చూసినట్టు ఫోన్లో టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మధ్యాహ్నం గడిచింది, సాయంత్రమైంది. షిఫ్టులో ఉందేమో, లేకపోతే ఇక ఈ సంగతులు వద్దనుకుందేమో అనుకున్నాను. ఆ రెండోది కూడా న్యాయమే.

ఇంటికొచ్చి కుక్కరు పెడుతుంటే ఫోను మోగింది. మెసేజీ. ఒకే ఒక్క మాట.

"ఇంకా?"